బీజగణిత పలకల పెట్టె: భాగహారానికి మంచి సాధనం, చరరాశికి సగం సాధనం

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బీజగణితాన్ని చేతులతో పట్టుకొని చూసే వస్తువుగా చూపించడానికి ‘బీజగణిత పలకలు’ అనే పెట్టెలు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ, బోధనోపకరణాలు అమ్మే దుకాణాలలోనూ విరివిగా దొరుకుతున్నాయి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధించే నేను ఆరు వందల రూపాయలకు కాస్త పైన పెట్టి ఒక పెట్టె కొని, విద్యా సంవత్సరమంతా రెండు తరగతులలో వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీదారు పేరు చెప్పడం లేదు. ఇటువంటి పెట్టెలను అనేక సంస్థలు దాదాపు ఒకే నమూనాలో అమ్ముతున్నాయి కాబట్టి, నేను చెప్పబోయే గుణాలలోనూ దోషాలలోనూ అధిక భాగం వీటన్నిటికీ వర్తిస్తుందని నా అభిప్రాయం. తీర్పు ముందే చెప్పేస్తాను: ఒక సంఖ్యతో భాగించడమంటే ఏమిటో చూపడంలో ఈ పెట్టెకు సాటి వచ్చే సాధనం బడిలో మరొకటి నాకు కనబడలేదు. అయితే చరరాశి (ఎక్స్ లాంటి, విలువ మారగల రాశి) అంటే ఏమిటో చూపడంలో ఇది సగం దూరమే తీసుకెళ్తుంది, చరరాశితో భాగించే దగ్గరకు వచ్చేసరికి దారి తప్పిస్తుంది.

పెట్టెలో మూడు రకాల పలకలున్నాయి. చిన్న పసుపు చతురస్రం ఒకటిని సూచిస్తుంది. ఆకుపచ్చ పట్టీ వెడల్పు ఆ చతురస్రం భుజమంతే ఉంటుంది, పొడవు మాత్రం ‘ఎక్స్’. ఆ పొడవే భుజంగా ఉన్న పెద్ద నీలి చతురస్రం ఎక్స్ స్క్వేర్. ప్రతి పలకకూ వెనుకవైపు ఎరుపు రంగు ఉంటుంది, తిరగేస్తే అది రుణ పదం అవుతుంది. వీటితో పాటు మధ్యలో నిలువు గీత ఉన్న కాగితం షీటు ఒకటి, ఎల్ ఆకారంలో ఒక ప్లాస్టిక్ చట్రం, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అచ్చువేసిన చిన్న పుస్తకం ఇచ్చారు. ప్లాస్టిక్ గట్టిదే, రంగు వెలిసిపోలేదు. షీటు మాత్రం మామూలు కాగితం కావడంతో మడతల దగ్గర తొందరలోనే చిరిగింది, జిరాక్స్ దుకాణంలో ల్యామినేషన్ చేయించక తప్పలేదు. ఒకట్ల పలకలు మరీ చిన్నవి, పీరియడ్ అయిపోయాక బెంచీల కింద వెతుక్కోవలసి వస్తుంది. నలుగురు పిల్లలున్న ఒక బృందానికి మాత్రమే పెట్టె చాలుతుంది కనుక, నలభై మంది ఉన్న తరగతికి ఒక పెట్టె కొని తృప్తిపడటం కుదరదు.

ఇక అసలు విషయానికి వస్తాను. బీజగణితంలో భాగహారం దగ్గర పిల్లలు చేసే తప్పులలో మొదట చెప్పుకోవలసింది, ఒక పదాన్ని మాత్రమే భాగించి రెండోదాన్ని వదిలేయడం. 4ఎక్స్ + 6 ను 2 తో భాగించమంటే 2ఎక్స్ + 6 అని రాసేవారు ప్రతి ఏటా తరగతిలో సగం మంది దాకా ఉంటారు. ‘ప్రతి పదాన్నీ భాగించాలి’ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఆ నియమం పరీక్ష దాకా నిలవదు, ఎందుకంటే అది వారికి నియమంగానే అందింది గాని కారణంగా అందలేదు. పలకలతో ఇదే లెక్కను ఇద్దరు పిల్లల మధ్య పెట్టి, నాలుగు పట్టీలనూ ఆరు ఒకట్లనూ సమానంగా పంచుకోమంటే, పట్టీలు చెరి రెండు తీసుకున్న తరువాత ఒకట్లను ఒక్కరే ఉంచుకుంటానంటే రెండోవారు ఊరుకోరు. చెరి మూడు తీసుకుంటారు. ఇద్దరి ముందూ 2ఎక్స్ + 3 కనబడుతుంది. అక్కడినుంచి ఎక్స్ స్థానంలో 5 ఉంచి చూడమంటే, 26 లో సగం 13 రావాలనీ, 2ఎక్స్ + 3 కు 13 వస్తుందనీ, 2ఎక్స్ + 6 కు 16 వస్తుందనీ వారంతట వారే తేల్చుకుంటారు. ఇంత సూటిగా ఈ సంగతిని చెప్పగల పాఠం నా దగ్గర ఇంతకు ముందు లేదు.

సమీకరణాలలోనూ ఇదే బలం పనిచేస్తుంది. 2ఎక్స్ + 6 = 14 అనే సమీకరణంలో ముందు 6 తీసివేసి తరువాత 2 తో భాగించడం మనం అలవాటు చేసిన పద్ధతి. ముందే 2 తో భాగించవచ్చా అని అడిగే పిల్లలకు సాధారణంగా ‘వద్దు, తికమక పడతావు’ అనే జవాబు దొరుకుతుంది. షీటు మీద ఎడమవైపు రెండు పట్టీలు, ఆరు ఒకట్లు, కుడివైపు పద్నాలుగు ఒకట్లు పేర్చి, రెండు వైపులనూ రెండేసి సమాన వరుసలుగా విడదీసినప్పుడు, ఒక్కో వరుసలో ఎక్స్ + 3 = 7 కనబడుతుంది. ఎక్స్ + 6 = 7 ఎందుకు కాదో వేరుగా చెప్పవలసిన పని ఉండదు. పక్షాంతరం చేస్తే, అంటే పదాన్ని సమీకరణంలో ఒకవైపు నుంచి మరోవైపుకు తీసుకెళ్తే, గుర్తు మారుతుందని కంఠస్థం చేసి, దానినే గుణకానికి కూడా వర్తింపజేసి 3ఎక్స్ = 12 ను ఎక్స్ = 12 − 3 అని రాసే పిల్లలకు ఈ షీటు మంచి చికిత్స. మూడు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి, పన్నెండు ఒకట్లను వాటి ఎదురుగా వరుసగా పంచుతూ పోతే పట్టీకి నాలుగు వస్తాయి. తీసివేతకు అక్కడ చోటే లేదు.

అయితే సరిగ్గా ఈ లెక్క దగ్గరే పెట్టె బలహీనత కూడా బయటపడింది. పంపకం అయిపోయాక ఒక ఏడో తరగతి అమ్మాయి నాలుగు పసుపు పలకలను తీసుకొని పచ్చ పట్టీ పక్కన వరుసగా ఆనించి చూసి, “సార్, నాలుగు సరిపోవడం లేదు, ఇంకా ఒకటిన్నర పడుతుంది” అన్నది. ఆ అమ్మాయి చేసిన పనిలో దోషం లేదు. పట్టీ పొడవు ఐదు ఒకట్లకు ఎక్కువ, ఆరింటికి తక్కువ. తయారీదారులు దీనిని కావాలనే అలా చేస్తారు, పట్టీ పొడవు ఏ పూర్ణాంకానికీ సరిపోకుండా ఉంటే పిల్లలు దానిని ఒకట్లతో కొలిచి ‘ఎక్స్ అంటే ఐదు’ అని నిర్ధారణకు రాకూడదని. ఆలోచన మంచిదే. కానీ పుస్తకంలో ఆ సంగతి ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల, ఒక లెక్కలో ఎక్స్ నాలుగు, మరో లెక్కలో ఏడు, ఇంకో లెక్కలో రుణ మూడు అవుతుండగా కంటి ముందున్న పట్టీ మాత్రం ఎప్పుడూ ఒకే పొడవుతో ఉండడం పిల్లల మనసులో తేలని సందేహంగా మిగులుతుంది. చరరాశికి మారే గుణం ఉండాలి, ప్లాస్టిక్ పట్టీకి అది లేదు.

ఈ లోపాన్ని పూడ్చడానికి నేను అగ్గిపెట్టెలు, చింతగింజలు వాడాను. మూడు ఖాళీ అగ్గిపెట్టెలలో సమానంగా గింజలు వేసి మూసి, పక్కన విడిగా రెండు గింజలు పెట్టి, మొత్తం పద్నాలుగు ఉన్నాయని చెబితే, ఒక్కో పెట్టెలో నాలుగు ఉన్నాయని పిల్లలు పంపకంతోనే తేలుస్తారు. పెట్టె తెరిచి లెక్కపెట్టుకొని సరిచూసుకుంటారు. తరువాతి లెక్కకు అదే అగ్గిపెట్టెలో వేరే సంఖ్యలో గింజలు వేయవచ్చు, ఏమీ వేయకుండా ఖాళీగానూ ఉంచవచ్చు. చరరాశి అనే భావన వరకు ఈ పైసా ఖర్చులేని ఏర్పాటు కొన్న పెట్టె కంటే మేలైనదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. కంప్యూటరు ఉన్న బడులలోనైతే, ఉచితంగా దొరికే జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో స్లయిడర్‌కు ముడిపెట్టి ఒక దీర్ఘచతురస్రం గీస్తే, దాని పొడవు కళ్లముందే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. తయారీదారు పుస్తకంలో ఇటువంటి సూచన ఒకటి చేర్చి ఉంటే పెట్టె విలువ పెరిగేది.

పుస్తకంలోని అభ్యాసాల గురించి మరో మాట. భాగహారం ఉన్న ప్రతి లెక్కా నిశ్శేషంగా భాగింపబడేలా ఎంచుకున్నారు. 2ఎక్స్ = 7 వంటిది ఒక్కటీ లేదు. అటువంటి లెక్క నేనిస్తే, రెండు పట్టీలకు మూడేసి ఒకట్లు పంచి, మిగిలిన ఒక పలకను చేతిలో పట్టుకొని ‘ఈ లెక్క రాదు’ అని నిశ్చయించుకున్న పిల్లలున్నారు. అంకగణితంలో శేషం అని పక్కన పెట్టే అలవాటు ఇక్కడికి వచ్చింది. సమీకరణంలో మిగిలిన ఆ ఒకటిని కూడా పంచి తీరాలని, అందువల్ల ఎక్స్ మూడున్నర అవుతుందని చెప్పడానికి సగం పలక అవసరం. అది పెట్టెలో లేదు. అట్టముక్క కత్తిరించి ఇచ్చాను.

రుణ సంఖ్యల దగ్గర పెట్టె పనితీరు మిశ్రమంగా ఉంది. −2ఎక్స్ = 6 లో రెండు ఎర్ర పట్టీలకు మూడేసి పసుపు ఒకట్లు పంచి, తరువాత రెండు వైపులా పలకలను తిరగేస్తే ఎక్స్ = −3 అని చక్కగా వస్తుంది. కాని −6 ను −2 తో భాగించమంటే ‘రుణ ఇద్దరికి పంచడం’ అనే మాటకు అర్థం లేదు. ఆరు ఎర్ర పలకలలో రెండేసి ఎర్ర పలకల గుంపులు ఎన్ని ఉన్నాయని అడిగితే మూడు అని చెప్పవచ్చు. ఇక 6 ను −2 తో భాగించడానికి ఈ పంపకమూ పనికిరాదు, ఆ గుంపుల లెక్కా పనికిరాదు. ఇక్కడే భాగహారానికి బీజగణితంలో నిలబడే అర్థం అవసరమవుతుంది: భాజకాన్ని దేనితో గుణిస్తే విభాజ్యం వస్తుందో అది భాగఫలం. −2 ను దేనితో గుణిస్తే 6 వస్తుంది? −3 తో. పంచడం నుంచి గుణకారపు తిరుగు దారికి పిల్లలను ఎప్పుడు మళ్లించాలన్నదే ఏడు, ఎనిమిది తరగతుల ఉపాధ్యాయుడి ముందున్న అసలు ప్రశ్న. విచిత్రమేమంటే ఆ మళ్లింపుకు కావలసిన వస్తువు పెట్టెలోనే ఉంది. దానిని పుస్తకం చివరి పేజీలకు తోసేశారు.

ఎల్ ఆకారపు చట్రం గురించే చెబుతున్నాను. చట్రం నిలువు చేతి వెంబడి భాజకాన్ని, లోపల విభాజ్యాన్ని దీర్ఘచతురస్రంగా పేర్చితే, పైచేతి వెంబడి వచ్చే పొడవే భాగఫలం. ఎక్స్ స్క్వేర్ + 5ఎక్స్ + 6 ను ఎక్స్ + 2 తో భాగించడానికి, నిలువు చేతి పక్కన ఒక పట్టీ, రెండు ఒకట్లు పెట్టి, మూలలో పెద్ద నీలి చతురస్రాన్ని ఉంచాలి. దాని కింద రెండు పట్టీలు అడ్డంగా ఇముడుతాయి. మిగిలిన మూడు పట్టీలు నీలి చతురస్రానికి కుడివైపున నిలువుగా నిలబడతాయి, వాటి కింద ఏర్పడిన ఖాళీలో ఆరు ఒకట్లు రెండు వరుసలుగా కచ్చితంగా పడతాయి. పై అంచున చదివితే ఎక్స్ + 3. చివరి ఒకటి ఖాళీలో పడినప్పుడు పిల్లల ముఖాలలో కనిపించే సంతోషం దీర్ఘ భాగహారం మెట్లు రాస్తున్నప్పుడు ఎన్నడూ కనిపించదు. విభాజ్యంలో 6 కు బదులు 7 ఉంటే ఒక ఒకటి చట్రం బయట మిగిలిపోతుంది, అదే శేషం. సమీకరణంలో మిగిలిన ఒకటిని పంచి తీరాలన్నాం, ఇక్కడ శేషంగా ఉంచుతున్నాం. ఈ తేడాను ఉపాధ్యాయుడే విడమరచి చెప్పాలి, పుస్తకం చెప్పదు.

ఈ చట్రం మీద నేను మరో ప్రయోగం చేశాను, కొన్నవారు తప్పక చేసి చూడాలి. ప్రాథమిక పాఠశాలలలో వంద పలక, పది కడ్డీ, ఒకట్ల దిమ్మెలతో కూడిన స్థానవిలువల సామగ్రి ఉంటుంది. పక్కనున్న ప్రాథమిక పాఠశాల నుంచి దానిని తెప్పించి, అదే చట్రంలో ఒక వంద, ఐదు పదులు, ఆరు ఒకట్లు పేర్చమన్నాను. నిలువు చేతి వెంబడి ఒక పది, రెండు ఒకట్లు. అమరిక ముమ్మాటికీ ముందటిదే. పై అంచున పదమూడు. అంటే 156 ను 12 తో భాగిస్తే 13 వస్తుందన్నది, ఎక్స్ స్థానంలో 10 ఉంచిన పై లెక్కే. నాలుగో తరగతిలో నేర్చిన భాగహారానికీ ఎనిమిదో తరగతిలో కారణాంక విభజన దగ్గర వచ్చే భాగహారానికీ మధ్య గోడ లేదని పిల్లలు ఒక పీరియడ్‌లో గ్రహించారు. పట్టీ పొడవు మారగలదనే సంగతి కూడా, అగ్గిపెట్టెల తరువాత, వారికి ఇక్కడే మరోసారి కనబడింది.

ఇక పుస్తకంలో నేను ఒప్పుకోలేని పేజీలు రెండు ఉన్నాయి. మొదటిది భిన్నాల పేజీ. 6ఎక్స్ ను 2ఎక్స్ తో భాగించడానికి, గీతకు పైన ఆరు పట్టీలు, కింద రెండు పట్టీలు పెట్టి, ‘పైనా కిందా ఒకేలా ఉన్న వాటిని తొలగించండి’ అని రాశారు. ఈ సూచనను అక్షరాలా పాటిస్తే పైన నాలుగు పట్టీలు మిగిలి కింద ఏమీ మిగలదు. 3 అనే జవాబు మాత్రం పుస్తకం అచ్చువేసి ఇచ్చింది. అంతకంటే ప్రమాదం, ఈ ‘తొలగింపు’ను పిల్లలు కూడికలకు తీసుకెళ్లడం. గీతకు పైన ఎక్స్ + 6, కింద ఎక్స్ + 2 ఉంటే, రెండు పట్టీలనూ తీసేసి 6 ను 2 తో భాగించి 3 అంటారు. ఎక్స్ = 2 అయినప్పుడు పైన 8, కింద 4, భాగఫలం 2 గాని 3 కాదు. కొట్టివేత గుణకారంలో ఉన్న కారణాంకానికే గాని కూడికలో ఉన్న పదానికి వర్తించదన్న సంగతి ఇంత ముఖ్యమైనదై ఉండగా, సాధనమే దానికి విరుద్ధమైన అలవాటును నేర్పడం క్షమించదగినది కాదు. నేను ఆ పేజీని పిల్లలకు చూపడం మానేసి, ఆ లెక్కను కూడా చట్రంలోనే చేయించాను: నిలువు చేతి మీద 2ఎక్స్, లోపల 6ఎక్స్, పై అంచున 3.

రెండో పేజీలో ఎక్స్ స్క్వేర్ = 3ఎక్స్ అనే సమీకరణాన్ని ఇచ్చి, రెండు వైపులా ఎక్స్‌తో భాగించి ఎక్స్ = 3 అని తేల్చారు. నీలి చతురస్రం ఒకవైపు, మూడు పట్టీలు మరోవైపు పెట్టిన బొమ్మ చూడముచ్చటగానే ఉంది. కాని ఎక్స్ = 0 కూడా ఆ సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది, భాగించిన క్షణంలో ఆ సాధన కనుమరుగైపోయింది. ఇది అచ్చుతప్పు కాదు, పెట్టె స్వభావం నుంచే పుట్టిన తప్పు. పొడవు సున్నా ఉన్న పట్టీని ఎవరూ ప్లాస్టిక్‌తో తయారుచేయలేరు. చేతిలో పట్టీ ఉన్నంతసేపూ ఎక్స్ సున్నా కావచ్చునన్న ఆలోచనే రాదు. చరరాశితో భాగించే ముందు అది సున్నా కాదని నిర్ధారించుకోవాలనే హెచ్చరిక పుస్తకంలో ఎక్కడా లేదు.

సున్నతో భాగహారం మహామహులనే ఇబ్బంది పెట్టిన విషయమని ఇక్కడ గుర్తుచేసుకోవడం అప్రస్తుతం కాదనుకుంటాను. ఏడో శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేసిన గణితసారసంగ్రహానికి మూలకర్త అయిన మహావీరాచార్యుడు, సున్నతో భాగించినా సంఖ్య మారదన్నాడు. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు అటువంటి రాశికి ఖహరమని పేరు పెట్టి దానిని అనంతంగా భావించాడు. గుణకారపు తిరుగు దారి పట్టుకుంటే ఏడో తరగతి పిల్లలు కూడా తేల్చగలిగే సంగతి ఇది: సున్నను దేనితో గుణిస్తే 5 వస్తుంది? దేనితోనూ రాదు. సున్నను దేనితో గుణిస్తే సున్న వస్తుంది? దేనితోనైనా వస్తుంది, కనుక ఒక్క జవాబు లేదు. ఎక్స్ స్క్వేర్ = 3ఎక్స్ ను సాధించడానికి సరైన మార్గం అన్నిటినీ ఒకవైపుకు తెచ్చి ఎక్స్‌ను ఉమ్మడి కారణాంకంగా తీయడం. అది కాగితం మీద చేయవలసిన పని, పలకలతో కాదు.

కొనాలా వద్దా అని అడిగే తల్లిదండ్రులకు నా సలహా ఇది. పిల్లలు ఏడో తరగతిలో ఉండి సమీకరణాల దగ్గర తడబడుతుంటే కొనవచ్చు, లేదా సాయంత్రం కూర్చొని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. పాత శుభలేఖల అట్ట దీనికి సరిగ్గా సరిపోతుంది. ఒకట్లకు రెండు సెంటీమీటర్ల చతురస్రాలు, పట్టీలకు రెండు సెంటీమీటర్ల వెడల్పు, పదకొండు సెంటీమీటర్ల పొడవు, పెద్ద చతురస్రానికి పదకొండు సెంటీమీటర్ల భుజం తీసుకుంటే, పట్టీలో ఐదున్నర ఒకట్లు పట్టి కొన్న పెట్టెలోని నిష్పత్తికి దగ్గరగా ఉంటుంది. ఒకవైపు ఎరుపు స్కెచ్ పెన్నుతో రంగు వేస్తే రుణ పదాలు కూడా సిద్ధం. ఒకట్లలో కొన్నిటిని సగానికి కత్తిరించి ఉంచుకుంటే 2ఎక్స్ = 7 దగ్గర చిక్కు ఉండదు. ఎనిమిదో తరగతి పిల్లలకైతే చట్రం ఉన్న పెట్టె మాత్రమే కొనండి, చట్రం లేని చవక పెట్టెలకు డబ్బు దండగ. బడుల విషయానికి వస్తే, బోర్డుకు అంటుకునే అయస్కాంతపు పలకల సెట్టు ఒకటి ఉపాధ్యాయుడికి, శుభలేఖల అట్టతో పిల్లలే చేసుకున్న సెట్లు బృందానికి ఒకటి చొప్పున ఉంటే సరిపోతుంది. భిన్నాల పేజీనీ, ఎక్స్‌తో భాగించే పేజీనీ పిల్లల చేతికివ్వకముందే పుస్తకం నుంచి తీసి పక్కన పెట్టుకోవాలి.